యవనప్రియము

అచ్చమైన గ్రీకు వంట ఎచ్చట దొరకునని దేశములు తిరుగు భోజనప్రియులున్నారు. మా తిరువూరు బాటన పోవువారు అచ్చమైన ఆంధ్రభోజనమును వెదకుటయు అట్టిదే. గ్రీకుల పచ్చికూరల పళ్లెములో టమాటా, మన గోంగూర పచ్చడిలో మిరపకాయ లేకున్న వారికి తృప్తి కలుగదు. కాని 1492లో కొలంబసు అమెరికా చేరిన పిమ్మటనే ఈ రెండును సముద్రము దాటినవి.

అంతకు ముందు మనకు కారమనగా మిరియమే. క్రొత్తకాయ దాని పేరే పెట్టుకొని మిరపకాయ యైనది. అతిథి వచ్చి ఇంటివాని పేరు గైకొన్నట్లు! మిరియమునకు సంస్కృతమున 'యవనప్రియ'మని పేరు. యవనులనగా మొదట గ్రీకులే. వారు దానిని 'పెపెరి' యనిరి. అది మన పిప్పలి శబ్దమునుండి పుట్టినదే.

15వ శతాబ్దమున వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమును చూడుడు. ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకు కర్పూరభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు, క్రొంబెరుగు! మిరపకాయ ఊసే లేదు. పప్పు చప్పగా నుండెనేమో యని విద్యార్థులు నవ్వుదురు. మిరియముండగా చప్పదనమేల?

మిరపకాయను పరదేశియని విస్తరినుండి వెడలగొట్టుమని నేననను. నాకును అది లేక ముద్ద దిగదు. అయినను ఉపాధ్యాయులు ఈ కావ్యము చెప్పునాడు ఒక పూట మిరియపుచారు కాచి పోయింతురేని, ఆ రూక భోజనపు రుచి పిల్లల నాలుకకు కొంత తెలియును.