చెల్పూర్ సంగతి ఏఐని అడిగి చూడండి

సార్లూ, మేడమ్‌లూ, బడి పిల్లల అమ్మానాయినలూ, ఇవాళ కాసేపు ఏఐ ముచ్చట చెప్పుకుందాం. అదంతా హైదరాబాద్ అద్దాల మేడల్లో ఇంజినీర్లు చూసుకునే పని, మన చెల్పూర్ బడికి దాంతో ఏం సంబంధం అనుకునే రోజులు పోయాయి. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ బయటికొచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు తిరగకముందే మన వాట్సాప్‌లో ఒక నీలం వలయం వచ్చి కూర్చుంది. దాన్ని నొక్కితే మెటా ఏఐ పలుకుతుంది. మన ఊరి థర్మల్ ప్లాంటు కేటీపీపీలో ఉద్యోగం చేసే నాయిన ఫోన్‌లోనూ అదే, పత్తి ఏరడానికి పోయే అమ్మ ఫోన్‌లోనూ అదే. మన పిల్లలకు దాని సంగతి మనకంటే ముందే తెలుసు.

అందుకే ఇప్పుడు 'మా ఊరు' మీద వ్యాసం రాసుకు రమ్మంటే, ఏడో తరగతి పిల్లవాడు 'పచ్చని పైరులతో అలరారే సుందర గ్రామం' అని రాసుకొస్తాడు. ఆకాశానికి లేచిన పొగ గొట్టాల ఊసుండదు. బొగ్గు లారీల ఊసుండదు, బూడిద చెరువు ఊసుండదు. ఏ ఊరి పేరు పెట్టినా సరిపోయే వ్యాసం అది. సార్‌కు అనుమానం వస్తుంది కానీ రుజువు దొరకదు. ఇది ఏఐ రాసిందా, మనిషి రాశాడా అని పట్టిచ్చే సాధనాలు ఉన్నాయంటారు గానీ వాటిని నమ్మి పిల్లల మీద నింద వేయకండి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ కంపెనీయే అలాంటి సాధనం ఒకటి తెచ్చి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేసింది. దానికన్నా "ఈ వాక్యానికి అర్థం చెప్పు బిడ్డా" అని పక్కన కూర్చోబెట్టుకుని అడగడం మేలు.

సర్కారు కూడా కదిలింది. 2025లో తెలంగాణ విద్యాశాఖ ఎక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి, చదవడంలో, లెక్కల్లో వెనకబడిన ప్రాథమిక పాఠశాల పిల్లల కోసం కొన్ని జిల్లాల్లో ఏఐ పాఠాలు మొదలుపెట్టింది. మూడో తరగతి నుంచే ఏఐని పాఠ్యాంశంగా తెస్తామని, 2026-27 నుంచి మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ పిల్లవాడిని ఏఐ ముందు కూర్చోబెట్టడం వేరు, ఆ ఏఐ ఎట్లా పనిచేస్తుందో వాడికి తెలియడం వేరు. రెండోది సార్‌కు తెలియకుండా పిల్లవాడికి తెలియదు. యునెస్కో 2024లో ప్రత్యేకంగా ఉపాధ్యాయుల కోసమే ఏఐ సామర్థ్యాల చట్రం ఒకటి తయారుచేసింది. అందులో మొదటి మెట్టు కంప్యూటర్ కోడ్ కాదు. మనిషి చేతిలో నిర్ణయం ఉండాలన్న ఎరుకే మొదటి మెట్టు.

ఆ ఎరుక కలిగించడానికి ఒక సుద్దముక్క చాలు. బోర్డు మీద 'అనగనగా ఒక ఊళ్లో ఒక...' అని రాసి ఆపండి. తర్వాతి మాట ఏమిటో పిల్లల్ని చెప్పమనండి. 'రాజు' అని ఎక్కువ మంది అరుస్తారు. కొందరు 'ముసలమ్మ' అంటారు, ఒకరిద్దరు 'నక్క' అంటారు. చేతులు లెక్కపెట్టి ఒక్కో మాట పక్కన అంకె వేయండి. నలభై మందిలో పాతిక మంది రాజు అన్నారనుకుందాం. ఇప్పుడు 'రాజు'ను అతికించి, దాని తర్వాతి మాట అడగండి. ఇట్లా పది మాటలు పోగానే బోర్డు మీద ఒక కథ తయారవుతుంది. చాట్‌జీపీటీ, జెమినీ లాంటివి చేసేది, మూలానికి వస్తే, ఇదే. కోట్ల కోట్ల వాక్యాలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టుకుని, ఒక్కో ముక్క పేర్చుకుంటూ పోతాయి.

ఇక్కడే పిల్లల్ని ఒక ప్రశ్న అడగాలి: "ఆ ఊళ్లో నిజంగా రాజు ఉన్నాడా?" ఎవరికీ తెలియదు. ఎవరూ ఆ ఊరికి పోయి చూడలేదు. ఎక్కువ మంది చెప్పారు కాబట్టి వచ్చిన మాట అది. ఏఐ తప్పు చెప్పేటప్పుడు కూడా తడుముకోకుండా, ధీమాగా చెప్పడానికి కారణం ఇదే. నిజమైన వాక్యాన్నీ, అబద్ధపు వాక్యాన్నీ అది ఒకే పద్ధతిలో పేరుస్తుంది.

ఈ ఆలోచన నిన్నటిది కాదు. 1913లో రష్యా గణిత పండితుడు మార్కోవ్, పుష్కిన్ రాసిన 'యెవ్‌గెనీ ఒనెగిన్' కావ్యం తీసుకుని, అందులో 20,000 అక్షరాలను చేత్తో లెక్కపెట్టాడు. అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తోంది, హల్లు ఎన్నిసార్లు వస్తోంది అని చూశాడు. 1951లో అమెరికాలో క్లాడ్ షానన్ మనుషులకు ఇంగ్లిష్ వాక్యం కొంత చూపించి, తర్వాతి అక్షరం ఊహించమన్నాడు. ఎంత తరచుగా సరిగ్గా చెబుతున్నారో కొలిచాడు. మీ బోర్డు మీద ఆటకు వందేళ్ల పెద్దల దీవెన ఉందన్నమాట.

ఇక అసలు పరీక్షకు వద్దాం. ఏఐ తప్పు చెబుతుందని పిల్లలకు నూరిపోస్తే ఏ లాభమూ లేదు. వాళ్లే పట్టుకోవాలి. పట్టుకోవాలంటే, జవాబు వాళ్లకు ముందే తెలిసి ఉండాలి, లేదా నడిచిపోయి చూసుకోగలిగి ఉండాలి. ఢిల్లీ సంగతో, అంతరిక్షం సంగతో అడిగితే మన దగ్గర సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు. మన ఊరి సంగతి అడిగితే మనమే పరీక్షాధికారులం. అందుకే పెద్ద నగరాల ఖరీదైన బడుల కంటే మన ఊరి బడికి ఈ పాఠం చెప్పే వీలు ఎక్కువని నా గట్టి నమ్మకం.

'చెల్పూర్ గురించి చెప్పు' అని అడిగి చూడండి. తెలంగాణలో చెల్పూర్‌లు కనీసం రెండున్నాయి. ఒకటి మనది, గణపురం మండలంలో థర్మల్ ప్లాంటు ఉన్న ఊరు. ఇంకొకటి కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలంలో ఉంది. రెండింటి సంగతులూ కలిపేసి ఒకే ఊరిగా చెప్పే ప్రమాదం ఉంది. గణపురం అన్నా అంతే. ఘన్‌పూర్ అని రాస్తే జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ వచ్చి పడుతుంది, వనపర్తి జిల్లా ఖిల్లా ఘన్‌పూర్ కూడా రావచ్చు. అప్పుడు గణపురంలోని మన కోటగుళ్లు రైల్వే స్టేషన్ పక్కకు పోయినా ఆశ్చర్యం లేదు.

జిల్లా సంగతి ఇంకా మంచి పాఠం. 2016 అక్టోబర్ 11 దాకా మనది వరంగల్ జిల్లా. 2011 జనాభా లెక్కల పుస్తకాల్లో ఇప్పటికీ అట్లాగే ఉంటుంది. ఆ తర్వాత భూపాలపల్లి జిల్లా అయింది. రామప్ప గుడి ఉన్న పాలంపేట కథ ఇంకా చిత్రం. అది వరంగల్ నుంచి భూపాలపల్లికి వచ్చి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా విడిపోయినప్పుడు అటు పోయింది. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చేనాటికి గుడి ములుగు జిల్లాలో ఉంది. ఏఐ చదువుకున్న రాతల్లో మూడు జిల్లాల పేర్లూ ఉంటాయి. పాతవే ఎక్కువ ఉంటే పాత జవాబే చెబుతుంది. అది చెప్పింది పచ్చి అబద్ధం కాదు, కాలం చెల్లిన నిజం. ఈ తేడా పదేళ్ల పిల్లవాడు సొంతంగా పట్టుకుంటే, ఇక జన్మలో తేదీ చూడకుండా దేన్నీ నమ్మడు.

బోర్డు మీద మూడు గడులు గీయండి: సరైంది, తప్పు, ఇంకా చూడాల్సింది. ఏఐ చెప్పిన ఒక్కో వాక్యాన్ని చదివి ఏ గడిలో వేయాలో పిల్లల్నే అడగండి. మూడో గడి నిండితే అదే వాళ్ల ఆదివారం పని. ఒకరు పంచాయతీ ఆఫీసు బోర్డు చూసి వస్తారు, ఒకరు కోటగుళ్ల దగ్గర పురావస్తు శాఖ పెట్టిన పలక చదివి వస్తారు, ఒకరు తాతను అడిగి వస్తారు.

తెలుగులో అడిగితే ఏఐకి తడబాటు ఎక్కువ కావడానికి ఒక లెక్క కూడా ఉంది. కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది, వాటికి పట్టే చోటును బైట్లలో కొలుస్తారు. 'చెల్పూర్' అని ఇంగ్లిష్‌లో రాస్తే 7 అక్షరాలు, 7 బైట్లు. తెలుగులో చ, ఎత్వం, ల, పొల్లు, ప, ఊత్వం, ర, మళ్లీ పొల్లు అని మొత్తం 8 గుర్తులు. ఒక్కోటి 3 బైట్లు. అంటే 24 బైట్లు. ఇంగ్లిష్ మాటను ఒకటి రెండు ముక్కలుగా మింగే యంత్రం, మన మాటను ఎక్కువ ముక్కలుగా చీల్చుకుని మింగుతుంది. దానికి తోడు ఇంటర్నెట్‌లో తెలుగు రాతలే తక్కువ. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల మందికి పైనే ఉన్నా, మన మాటలు ఎక్కువగా నోట్లోనే ఉన్నాయి, నెట్‌లోకి ఎక్కలేదు. మన వరంగల్ వైపు యాస అయితే మరీ తక్కువ. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వేలమంది కాలేజీ పిల్లల్ని కూడగట్టి, తెలుగు జానపద కథల పేజీలను కంప్యూటర్‌కు ఎక్కించి, చిన్న తెలుగు కథల ఏఐ నమూనా తయారుచేసింది. పిల్లలు చేయగలిగిన పని అది. మన ఊరి బతుకమ్మ పాటలు, చేన్ల పేర్లు, కుంటల పేర్లు మన బడి పిల్లలు రాసిపెట్టకపోతే ఇంకెవరు రాస్తారు?

లెక్కల సార్లకు ఒక ముచ్చట. ఏఐ గాలిలో ఉండదు, డేటా సెంటర్లలో ఉంటుంది, అవి కరెంటు తింటాయి. మన కేటీపీపీలో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. కలిపి 1100. రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 2 కోట్ల 64 లక్షల యూనిట్ల కరెంటు. ఏడాదంతా ఆగకుండా నడిస్తే సుమారు 964 కోట్ల యూనిట్లు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి వాడింది దాదాపు 41,500 కోట్ల యూనిట్లు. భాగహారం పిల్లల్నే చేయమనండి. 43 చెల్పూర్ ప్లాంట్లు ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే వచ్చేంత కరెంటు. అందులో ఏఐ వాటా కొంతే, కానీ పెరుగుతోంది. కన్వేయర్ మీద బొగ్గు పోవడం రోజూ చూసే పిల్లలకు ఈ లెక్క మరెవరికన్నా బాగా ఎక్కుతుంది.

ఇక అమ్మానాయినలతో రెండు మాటలు. మనిషి గొంతు కొద్ది సెకన్లు దొరికితే చాలు, అదే గొంతుతో కొత్త మాటలు పలికించే ఏఐ వచ్చేసింది. "అమ్మా, నేను ఆపదలో ఉన్నా, పైసలు పంపు" అని కొడుకు గొంతే వినిపించినా, ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న నంబర్‌కు మీరే తిరిగి చేయండి. ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి. పైసలు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో ఈ ఒక్క సంగతి చెప్పినా ఎన్నో ఇళ్లు నిలుస్తాయి. పిల్లల ఫొటోలు, ఆధార్, మార్కుల జాబితాలు ఏ ఏఐ యాప్‌లోనూ పెట్టకండి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ మాట సార్లూ గుర్తుంచుకోవాలి. తరగతిలో పిల్లలు సొంతంగా ఇలాంటి ఏఐతో మాట్లాడడానికి కనీసం 13 ఏళ్లు ఉండాలని యునెస్కో 2023లోనే సూచించింది. కాబట్టి ప్రాథమిక తరగతులకు ఫోన్ వద్దు, బోర్డు మీద ఆటే చాలు.

సార్లకు ఏఐ వద్దని నేను అనను. ఒక్క మేడమే రెండు మూడు తరగతులు చూసుకోవాల్సిన బడిలో, ఒకే పాఠానికి మూడు స్థాయుల వర్క్‌షీట్లు పది నిమిషాల్లో వస్తే అది పెద్ద సాయం. ఒక్క జాగ్రత్త: 'ఫలానా పాఠం మీద ప్రశ్నలు ఇవ్వు' అని ఊరికే అడగకండి. పాఠ్యపుస్తకంలోని పేరా దాని ముందు పెట్టి, ఇందులోంచే ఇవ్వమనండి. తప్పులు బాగా తగ్గుతాయి. వచ్చిన లెక్కలను పిల్లలకు ఇచ్చేముందు మీ చేత్తో చేసి చూడండి.

ఫిన్లాండ్‌లో 2018లో హెల్సింకి విశ్వవిద్యాలయం 'ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ' అని ఒక ఉచిత కోర్సు పెట్టింది. దేశంలో నూటికి ఒకరైనా నేర్చుకోవాలన్నది వాళ్ల మొదటి గురి. మనం అంత దూరం చూడక్కర్లేదు. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక గంట దీనికి అడగండి. ఒక ఫోన్, ఒక సుద్దముక్క పెట్టుకుని, మన మండలం గురించి పది ప్రశ్నలు ఏఐని అడగండి. దాని జవాబులు, మీరు సరిచేసినవి తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసి బడిలో పెట్టండి. ఆర్నెల్ల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, ఏం మారిందో పిల్లల చేతే చెప్పించండి.