లోమే బజారు: నానా బెంజ్‌లు, చైనా గుడ్డలు

పశ్చిమ ఆఫ్రికాలోని టోగో రాజధాని లోమే. అక్కడి పెద్ద బజారులో మైనపు అద్దకం గుడ్డల టోకు వ్యాపారం దశాబ్దాలపాటు కొందరు మహిళల చేతిలో ఉండేది. వారిని 'నానా బెంజ్‌లు' అనేవారు. 'నానా' గౌరవ సంబోధన. బెంజ్ వారు కొన్న కారు. వారి బలం డబ్బొక్కటే కాదని గమనించండి. నెదర్లాండ్స్ నుంచి వచ్చే గుడ్డల్లో ఫలానా డిజైనును ఫలానా వ్యాపారే అమ్మాలన్న ప్రత్యేక హక్కు వారికి ఉండేది. డిజైన్లకు జనం నోట నానే పేర్లు పెట్టిందీ వారే.

1994లో సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు విలువను సగానికి తగ్గించారు. డచ్చి గుడ్డ సామాన్యులకు అందని సరుకైంది. తరువాతి సంవత్సరాల్లో అవే డిజైన్లతో చైనా గుడ్డ చౌకగా దిగింది. నకలు దొరికే చోట ప్రత్యేక హక్కుకు విలువ ఏముంటుంది? ఆ మాటకొస్తే, డచ్చివారు మొదట అనుకరించింది జావా బాటిక్‌నే!

దీన్ని 'చైనా దెబ్బ' అని ఒక్క మాటలో తేల్చేస్తే జవాబు సగమే అవుతుంది. పాత వ్యాపార కుటుంబాలు దెబ్బతిన్న మాట నిజమే. కానీ హక్కులు లేక ఇంతకాలం పక్కనే నిలబడిన చిన్న వ్యాపారులకు దారి దొరికింది. 'నానెట్‌లు' అని పేరుపడిన యువతులు స్వయంగా చైనా వెళ్లి, డిజైన్లు చూపి, సరుకు చేయించుకుని తెచ్చారు. తక్కువ ఆదాయం గల ఇల్లాలు కొత్త గుడ్డ కట్టగలిగింది. అయితే చైనా వ్యాపారులే లోమేలో దుకాణాలు తెరిచాక, నానెట్‌లకు తమ సరుకు పుట్టిన చోటి వారితోనే పోటీ ఎదురైంది.