మూడొందల గజాల డ్రైవ్... మూడడుగుల పట్: ఏది గెలిపిస్తుంది?

గోల్ఫ్‌లో ఓ వింత ఉంది. మూడొందల గజాలు ఎగిరెళ్లిన డ్రైవ్‌కీ లెక్క ఒక స్ట్రోకే. మూడడుగుల దూరం నుంచి మెల్లగా తోసిన పట్‌కీ ఒక స్ట్రోకే. స్కోరు కార్డుకి సౌండూ వినపడదు, దూరమూ కనపడదు. అందుకే గోల్ఫర్లు నలుగురు కలిస్తే ఈ వాదన లేకుండా ఉండదు: డ్రైవింగ్ ముఖ్యమా, షార్ట్ గేమ్ ముఖ్యమా?

నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని బతికేవాణ్ని. రెండేళ్లుగా ఆదివారం పొద్దున్నే లేవడానికి గోల్ఫే కారణం. డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్తే సీన్ ఎప్పుడూ ఒకటే. బకెట్ బంతులు తీసుకున్న కుర్రాళ్లంతా డ్రైవర్ పట్టుకుని బాదుతుంటారు. పక్కనే ఉన్న పట్టింగ్ గ్రీన్ మీద ఒకరో ఇద్దరో పెద్దాయనలు. మనకి వారానికి దొరికేది ఒక గంట, చేతిలో ఒక బకెట్. ఆ బంతుల్ని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

పాత సామెత, కొత్త లెక్క

డ్రైవ్ నలుగురికీ చూపించుకోడానికి, పట్ డబ్బులు సంపాదించుకోడానికి అని గోల్ఫ్‌లో ఓ సామెతుంది. బ్రిటిష్ ఓపెన్‌ని నాలుగుసార్లు గెలిచిన దక్షిణాఫ్రికా ఆటగాడు బాబీ లాక్ పేరు మీద ఇది ప్రచారంలో ఉంది. వినగానే నిజమే అనిపిస్తుంది. 18 హోల్స్‌కి 70 స్ట్రోకులు కొట్టే ప్రోకి అందులో 30 దాకా పట్‌లే మరి!

కానీ ఇక్కడో తిరకాసు ఉంది. మా ఫీల్డ్‌లో యాప్ స్లో అయితే ప్రొఫైలర్ పెట్టి చూస్తాం. ఎక్కువసార్లు పిలిచిన ఫంక్షనే దోషి కానక్కర్లేదు. టైమ్ ఎక్కడ పోతోందన్నది ముఖ్యం. గోల్ఫ్‌కి అలాంటి ప్రొఫైలర్‌ని కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ తయారుచేశాడు. దాని పేరు ‘స్ట్రోక్స్ గెయిన్డ్’. పీజీఏ టూర్ 2011లో పట్టింగ్‌తో మొదలుపెట్టి దీన్ని అధికారిక లెక్కల్లోకి తెచ్చుకుంది.

ఐడియా సింపుల్. 400 గజాల హోల్‌ని టూర్ ప్రోలు సగటున 4 స్ట్రోకుల్లో పూర్తిచేస్తారు. ఫెయిర్‌వే మీద 100 గజాల దూరం నుంచైతే సుమారు 2.8. అంటే 300 గజాల మంచి డ్రైవ్ ఒక స్ట్రోకు ఖర్చుతో 1.2 స్ట్రోకుల పని చేసింది. లాభం 0.2 అన్నమాట. ఇక 8 అడుగుల పట్‌ని ప్రోలు కూడా సగం సార్లే వేయగలరు. దాని సగటు 1.5. పడితే లాభం 0.5, పోతే నష్టం 0.5.

‘మరి పట్‌కే లాభం ఎక్కువ కదా?’ అంటారేమో. ఆగండి. ప్రోల పట్‌లు కొన్ని పడతాయి, కొన్ని పోతాయి. ఏడాది మొత్తమ్మీద లాభనష్టాలు చాలావరకు చెల్లుకు చెల్లు. దూరం కొట్టేవాడి లాభం మాత్రం నెల నెలా పడే జీతంలాంటిది. కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది.

2004 నుంచి 2012 దాకా టూర్‌లోని టాప్ 40 ఆటగాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కడ ముందున్నారో బ్రోడీ లెక్కేశాడు. గ్రీన్ మీదికి కొట్టే అప్రోచ్ షాట్ల వాటా 40 శాతం, డ్రైవింగ్ 28, షార్ట్ గేమ్ 17, పట్టింగ్ 15. వాదన డ్రైవర్‌కీ పట్టర్‌కీ మధ్య నడుస్తుంటే, కప్పు ఎత్తుకెళ్లింది మధ్యలో ఉన్న ఐరన్!

దూరం విలువ ఎంతో 2020 యూఎస్ ఓపెన్‌లో బ్రైసన్ డిషాంబో చూపించాడు. నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేలకి 23 మాత్రమే దొరికాయి. అయినా 6 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఈ దూరాల పిచ్చి ఎంత పెరిగిందంటే, గోల్ఫ్ రూల్స్ రాసే రెండు సంస్థలూ బంతి వెళ్లే దూరాన్ని తగ్గించేలా 2023లో కొత్త ప్రమాణాలు ప్రకటించాయి.

మరి అదితి సంగతేంటి?

టోక్యో ఒలింపిక్స్ గుర్తుందా? గోల్ఫ్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా 2021 ఆగస్టులో తెల్లవారకముందే టీవీలు పెట్టుకున్నారు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్, బ్యాగ్ మోస్తూ పక్కన వాళ్లమ్మ. అప్పటికి ప్రపంచ ర్యాంకు 200. అరవై మంది ఆడిన పోటీలో డ్రైవ్ దూరంలో చిట్టచివరి వరసల్లో ఉంది. పక్కనే ఆడుతున్న నెల్లీ కోర్డా బంతి ఎక్కడో ముందుంటే, అదితి చాలా వెనక నుంచి రెండో షాట్ కొట్టాల్సి వచ్చేది. కానీ గ్రీన్ మీదికొచ్చాక కథ మారిపోయేది. చివరికి ఒక్క స్ట్రోకు తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది.

ఇది బ్రోడీ లెక్కకి విరుద్ధం కాదు. ఒక వారంలో పట్టర్ పూనకమొచ్చినట్టు ఆడితే ఎవరినైనా నిలబెడుతుంది. గెలిచిన వారాల్లో పట్టింగ్ వాటా మామూలుకన్నా బాగా పెరుగుతుందని బ్రోడీ కూడా చెప్పాడు. వారం పట్టర్‌ది, ఏడాది లాంగ్ గేమ్‌ది. అదితి గొప్పతనం ఏంటంటే, ఆ వారం మాత్రమే కాదు, ఇన్నేళ్లుగా పెద్ద టూర్‌లో తన పట్టర్ బలంతో నిలబడింది.

మనలాంటివాళ్లకి?

టూర్ లెక్కల్ని మనకి కాపీ పేస్ట్ చేస్తే పని జరగదు. ప్రో డ్రైవ్ తప్పితే రఫ్‌లో పడుతుంది, ఏ 0.2 స్ట్రోకో పోతుంది. మన డ్రైవ్ తప్పితే హద్దు దాటి ఏ చెట్లలోకో పోతుంది. ఒక పెనాల్టీ స్ట్రోకు, పైగా మళ్లీ అక్కణ్నుంచే కొట్టాలి. ఒక్క దెబ్బకి రెండు స్ట్రోకులు గోవిందా. కాబట్టి 100 లోపు ఆడాలనుకునేవాళ్లకి డ్రైవింగ్ ముఖ్యమే. కానీ ఇంకో ఇరవై గజాల కోసం కాదు, బంతి ఆటలో ఉండటం కోసం.

నేను ఫోన్‌లో ఓ నోట్ పెట్టుకున్నాను. ప్రతి హోల్ అయ్యాక మూడే టిక్కులు: బంతి పోయిందా, చిప్ గ్రీన్ ఎక్కిందా, మూడు పట్‌లు పడ్డాయా. నాలుగైదు రౌండ్లు రాస్తే మీ స్ట్రోకులు ఎక్కడ కారిపోతున్నాయో మీకే తెలుస్తుంది. బంతులు పోతున్నవాళ్లు డ్రైవర్ పక్కనపెట్టి టీ మీద నుంచి ఐరన్ కొట్టి చూడండి. మూడు పట్‌లు పడుతున్నవాళ్లు దూరప్పట్‌ని హోల్ దగ్గరికి చేర్చడం నేర్చుకోండి. ముప్పై అడుగుల నుంచి ప్రోలు కూడా ఎక్కువగా రెండు పట్‌లే వేస్తారు. మనం అంతకన్నా ఆశపడటం అత్యాశే.

నా ఓటు ఎటంటారా? బకెట్‌లో సగం ఐరన్లకి, మిగిలిన సగంలో డ్రైవర్‌కి కొంత, చిప్‌కి కొంత. పట్టింగ్‌కి బకెట్ కొనక్కర్లేదు. రెండు బంతులు, ఓ ఇరవై నిమిషాలు చాలు. మన జేబుకి అంతకన్నా చవకైన ప్రాక్టీసు గోల్ఫ్‌లో ఇంకోటి లేదు.