శ్వేతసౌధంలో అల్లరి రాజ్యం

అమెరికా ఇరవై ఆరో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ చరిత్ర పుస్తకాల్లో పనామా కాలువకు దారి వేసినవాడుగా, వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న గుత్తసంస్థలను కోర్టుకీడ్చినవాడుగా, రష్యా జపాన్‌ల మధ్య సంధి కుదిర్చి 1906లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవాడుగా కనిపిస్తాడు. 1901 సెప్టెంబరు నుంచి 1909 మార్చి దాకా సాగిన ఆయన పాలనకు ఉన్న మరో ముఖాన్ని, అంటే ఆటలు, పందేలు, పరాచికాలు, పెంపుడు జంతువుల సందడితో నిండిన ముఖాన్ని, చరిత్రకారులు సాధారణంగా పిల్లల పుస్తకాలకు వదిలేస్తారు. కాని ఆ సందడి రాజ్యభారం నుంచి తప్పించుకోవడానికి వెతుక్కున్న విరామం కాదు. మనుషులను దగ్గరకు తీసి వారితో పని జరిపించుకునే ఆయన పద్ధతిలో అది భాగం, ఆ పద్ధతికున్న బలమూ లోపమూ రెండూ అందులోనే బయటపడతాయి.

ఆయన పదవిలోకి వచ్చిన సందర్భం మాత్రం విషాదకరమైనది. బఫలో నగరంలో హంతకుడి తుపాకీ దెబ్బకు అధ్యక్షుడు విలియం మెకిన్లీ మరణించగా, ఉపాధ్యక్షుడుగా ఉన్న రూజ్‌వెల్ట్ నలభై రెండేళ్ల వయసులో ఆ స్థానాన్ని అందుకున్నాడు; అంతకంటే చిన్నవయసులో అమెరికా అధ్యక్షుడైనవారు నేటికీ లేరు. పసితనంలో ఉబ్బసంతో ఊపిరాడక నరకం చూసి, తండ్రి ప్రోద్బలంతో కసరత్తు చేసి ఒళ్లు గట్టిపరచుకున్న మనిషి కాబట్టి, ఒంటిని కష్టపెట్టడమే మనిషిని నిలబెడుతుందన్న నమ్మకం ఆయనలో చివరిదాకా చెక్కుచెదరలేదు. మెకిన్లీ దంపతుల కూతుళ్లిద్దరూ పసివయసులోనే పోవడం, భార్య ఎప్పుడూ జబ్బుతో ఉండడం వల్ల అంతకుముందు నిశ్శబ్దంగా ఉన్న అధ్యక్ష భవనం శ్వేతసౌధంలోకి, పదిహేడేళ్ల ఆలిస్ మొదలు ఇంకా నాలుగేళ్లు నిండని క్వెంటిన్ దాకా ఆరుగురు పిల్లలు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఆలిస్ మొదటి భార్య కూతురు. ఆ భార్యా, రూజ్‌వెల్ట్ కన్నతల్లీ 1884లో ఒకే రోజున, ఒకే ఇంట్లో కన్నుమూశారు. థియోడర్ జూనియర్, కెర్మిట్, ఎథెల్, ఆర్చీ, క్వెంటిన్ రెండో భార్య ఎడిత్ కన్నబిడ్డలు.

అప్పటివరకు అధ్యక్షుడి కచేరీ గదులూ కుటుంబం నివసించే గదులూ పై అంతస్తులో పక్కపక్కనే ఉండేవి కాబట్టి, ఆరుగురు పిల్లలూ గుమాస్తాలూ ఫైళ్లూ ఒకే నడవాను పంచుకోవలసి వచ్చింది. 1902లో కాంగ్రెసు, అంటే అమెరికా పార్లమెంటు, మంజూరు చేసిన సొమ్ముతో భవనాన్ని బాగుచేయించి, కార్యాలయాన్ని పక్కనే కట్టిన కొత్త భాగంలోకి తరలించారు. నేడు ప్రపంచ వార్తల్లో నిత్యం వినిపించే వెస్ట్ వింగ్ పుట్టుక అదే. ఒక మహారాజ్యపు పాలనా కేంద్రం ఆకారం దాల్చడానికి పిల్లల అల్లరి కూడా ఒక కారణమైందంటే అతిశయోక్తి కాదు.

కార్యాలయం కదిలినా అల్లరి తగ్గలేదు. పిల్లలు నడవాల్లో సైకిళ్లు తొక్కారు, మరకాళ్ల మీద నడిచారు, చక్రాల బూట్లతో గచ్చు మీద జారారు. ఆర్చీకి తట్టు సోకి మంచం పట్టినప్పుడు వాడి పొట్టిజాతి గుర్రం ఆల్గాంక్విన్‌ను లిఫ్టులో ఎక్కించి పై అంతస్తులోని రోగి గదికి తీసుకుపోయిన కథ అమెరికాలో పిల్లలందరికీ తెలిసినదే. కాన్సాస్‌లో ఒక చిన్నారి కానుకగా ఇచ్చిన జోసయా అనే బాడ్జర్, అంటే నేలలో బొరియలు తవ్వుకుని బతికే పొట్టికాళ్ల జంతువు, మకా జాతి చిలుక, ఆరువేళ్ల పాదాలున్న పిల్లి, ఒంటికాలి కోడిపుంజు, ఇంకా ఎన్నెన్నో ఆ కుటుంబంలో సభ్యులు. గినీపందులకు నౌకాదళ సేనానుల పేర్లూ, ఊరి మతగురువుల పేర్లూ పెట్టుకోవడం వల్ల, ఇంటికి పెద్దమనుషులు వచ్చి కూర్చున్న సమయంలో పిల్లలు పరుగున వచ్చి, ఫలానా ఫాదరుగారికి పిల్లలు పుట్టారని కేకలు వేసిన సందర్భాన్ని రూజ్‌వెల్ట్ స్వయంగా ఆత్మకథలో రాసుకున్నాడు.

వీటన్నిటిలోకీ 1907 సెప్టెంబరు నాటి ఘటన కొంత వివరంగా చెప్పుకోదగినది, ఎందుకంటే అందులో ఇల్లూ ప్రభుత్వమూ ముఖాముఖి తారసపడ్డాయి. తొమ్మిదేళ్ల క్వెంటిన్ జంతువుల దుకాణం నుంచి మూడు పాములను అరువు తెచ్చుకుని, తండ్రికి చూపించాలన్న ఆత్రంతో చక్రాల బూట్లు విప్పకుండానే నేరుగా అధ్యక్షుడి గదిలోకి దూసుకువచ్చి, వాటిని ఆయన ఒడిలో పడేశాడు. ఆ సమయంలో ఎదురుగా ఉన్నవాడు ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అటార్నీ జనరల్ చార్లెస్ బొనపార్ట్, సాక్షాత్తు నెపోలియన్ తమ్ముడి మనవడు. పని మధ్యలో ఉన్న రూజ్‌వెల్ట్ కొడుకును మందలించకుండా, పక్కగదిలో తన కోసం విసుగ్గా ఎదురుచూస్తున్న నలుగురు కాంగ్రెసు సభ్యుల దగ్గరకు వెళ్లమని, వాళ్లకు కాస్త కాలక్షేపం అవుతుందని పంపించాడు. వాళ్లు మొదట అవి కొయ్యబొమ్మలనుకున్నారు. కదలడం చూశాక వెనక్కు జంకారు. రూజ్‌వెల్ట్ చివరిసారి చూసేసరికి పెద్దపాము క్వెంటిన్ చొక్కా చేతిలోకి దూరి ఇరుక్కుపోగా, ఒక సభ్యుడు బెదురు బెదురుగా ఆ పిల్లవాడి కోటు విప్పడానికి సాయపడుతున్నాడు. ఇదంతా బళ్లో ఉన్న మరో కొడుకు ఆర్చీకి తండ్రి తీరిగ్గా రాసిన ఉత్తరంలో ఉంది. ఆ నలుగురు సభ్యులు ఆనాడు ఏ మనఃస్థితిలో లోపలికి అడుగుపెట్టి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

పెద్ద కూతురు ఆలిస్ ధోరణి వేరు. ఆడపిల్లలు పొగతాగడం తలవంపులుగా భావించే రోజుల్లో, ఇంటి కప్పు కింద సిగరెట్టు వెలిగించవద్దని తండ్రి శాసిస్తే, ఆమె కప్పు మీదికెక్కి వెలిగించింది. ఎమిలీ స్పినాచ్ అని పేరు పెట్టుకున్న పచ్చని పామును విందులకు వెంట తీసుకువెళ్లేది. ఆమెను అదుపులో పెట్టవచ్చు కదా అని అడిగిన స్నేహితుడికి, దేశాన్ని పాలించడమో ఆలిస్‌ను చూసుకోవడమో ఏదో ఒకటే తన వల్ల అవుతుందని రూజ్‌వెల్ట్ జవాబిచ్చినట్టు ప్రసిద్ధి.

అధ్యక్షుడి అసలు మంత్రివర్గం ఒకటి ఉండగా, పత్రికలవారు మరొకదానికి టెన్నిస్ మంత్రివర్గం అని పేరు పెట్టారు. సాయంత్రాల్లో ఆయనతో టెన్నిస్ ఆడే, గుర్రమెక్కే, కొండలెక్కే స్నేహబృందం అది. అడవుల శాఖాధిపతి గిఫర్డ్ పిన్షో, మాజీ అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ కుమారుడు జేమ్స్ గార్‌ఫీల్డ్, ఫ్రెంచి రాయబారి జూల్ జుస్సెరాండ్ అందులో ముఖ్యులు. వాషింగ్టన్‌లోని రాక్ క్రీక్ లోయలో వీరి నడకకు ఒకటే నియమం: ఎదురైన అడ్డంకిని ఎక్కి దాటాలి, లేదా దూరి దాటాలి, చుట్టూ తిరిగి పోకూడదు. వాగు అడ్డమొస్తే ఈదవలసిందే. ఒకసారి బృందమంతా దుస్తులు విప్పి నీటిలో దిగబోతుండగా రాయబారిగారు చేతితొడుగులు మాత్రం తీయలేదని ఎవరో గుర్తుచేస్తే, దారిలో స్త్రీలు ఎదురైతే బాగుండదు కాబట్టి వాటిని ఉంచుకుంటానని జుస్సెరాండ్ తడుముకోకుండా బదులిచ్చాడు. ఆ సరసం వెనుక గట్టి లాభమే ఉంది. మొరాకో విషయంలో ఫ్రాన్సు జర్మనీలు 1905లో యుద్ధం అంచుకు వెళ్లినప్పుడు రూజ్‌వెల్ట్ తెరవెనుక మధ్యవర్తిత్వం నెరపగలగడానికి జుస్సెరాండ్‌తో ఉన్న ఈ చనువు అక్కరకొచ్చింది. పిన్షోతో కలిసి తిరిగిన తిరుగుడు నుంచే అడవుల రక్షణ విధానానికి ఊపు వచ్చింది.

శరీరాన్ని పరీక్షకు పెట్టే ఈ ఉత్సాహానికి మూల్యం చెల్లించిన సందర్భాలూ లేకపోలేదు. జపాన్ గురువు యమాషితా దగ్గర 1904లో జూడో నేర్చుకున్న అధ్యక్షుడు, ఒక యువ సైనికాధికారితో ముష్టియుద్ధం ఆడుతూ ఎడమకంటికి తగిలిన దెబ్బతో చూపు పోగొట్టుకున్నాడు. ఆ అధికారి బాధపడతాడేమోనని ఆ సంగతిని పదవిలో ఉన్నంతకాలం బయటపెట్టలేదు. పదవి వీడడానికి రెండు నెలల ముందు, మూడు రోజుల్లో తొంభై మైళ్లు గుర్రపుస్వారీ చేయాలన్న పరీక్ష చాలా కఠినమని సైనికాధికారులు గొణుక్కుంటుంటే, యాభై ఏళ్ల రూజ్‌వెల్ట్ తన సైనిక సహాయకాధికారి ఆర్చీ బట్‌నూ ఇద్దరు నావికాదళ వైద్యులనూ వెంటబెట్టుకుని, 1909 జనవరి 13న తెల్లవారకముందే బయలుదేరి, వర్జీనియాలోని వారెన్‌టన్ దాకా పోయి, మంచుగాలిలో ఆ రాత్రికే తిరిగివచ్చాడు. దూరం దాదాపు వంద మైళ్లు. ఆ తర్వాత గొణుగుడు వినిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చుట్టూ ఉన్నవారు కూడా ఆయనను దేవుడిలా చూసి దూరం పాటించినవారు కారు. పెళ్లిలో తోడుపెళ్లికొడుకుగా నిలిచిన బ్రిటిష్ దౌత్యవేత్త సెసిల్ స్ప్రింగ్ రైస్, అధ్యక్షుడికి ఆరేళ్ల వయసని ఎప్పుడూ గుర్తుంచుకోవాలని ఒక ఉత్తరంలో రాశాడు. నలభై ఆరో పుట్టినరోజున ఎలిహు రూట్, మీరు జీవితం బాగానే మొదలుపెట్టారు, పెద్దయ్యాక ఇంకా వృద్ధిలోకి వస్తారని స్నేహితులకు ఆశలున్నాయి అన్న అర్థంలో అభినందనలు పంపాడు. ఈ రూట్ యుద్ధశాఖ కార్యదర్శిగా, అంటే మంత్రిగా, ఉన్నప్పుడు ఫిలిప్పీన్స్ గవర్నరు విలియం టాఫ్ట్ ఇరవై అయిదు మైళ్లు గుర్రం మీద ప్రయాణించి కులాసాగా ఉన్నానని తంతి పంపాడు; టాఫ్ట్ బరువు మూడు వందల పౌండ్లకు పైమాట. గుర్రం ఎలా ఉందని రూట్ తిరుగు తంతి కొట్టాడు.

పరిహాసం ఎంత దూరం పోగలదో పనామా వ్యవహారం చూపింది. 1903లో అమెరికా యుద్ధనౌకల అండతో పనామా ప్రాంతం కొలంబియా నుంచి విడిపోయాక, తన చర్యకు చట్టబద్ధమైన సమర్థన కావాలని అధ్యక్షుడు కోరితే, ఇంత గొప్ప ఘనకార్యానికి చట్టమనే మచ్చ ఎందుకంటించడమని అప్పటి అటార్నీ జనరల్ ఫిలాండర్ నాక్స్ అన్నట్టు చెబుతారు. నవ్వు తెప్పించే ఈ మాటలో నిజం నిక్కచ్చిగా ఉంది. ఆ నవ్వులోనే విషయం ముగిసిపోవడం మాత్రం కొలంబియా ప్రజలకు నవ్వులాట కాదు.

మెచ్చదగిన ఓటమి ఒకటి కూడా ఆయన ఖాతాలో ఉంది. 1906 ఆగస్టులో మూడు వందల ఇంగ్లీషు మాటల వర్ణక్రమాన్ని సులభం చేసి, థ్రూ వంటి మాటను ఏడక్షరాల బదులు నాలుగక్షరాలతో సరిపెట్టాలని ప్రభుత్వ ముద్రణాలయానికి ఆయన ఉత్తర్వు ఇవ్వగా, పత్రికలు ఆయన ఇంటిపేరునే ఆ పద్ధతిలో మార్చి అచ్చువేసి ఆడుకున్నాయి. డిసెంబరులో ప్రతినిధుల సభ పాత పద్ధతినే పాటించాలని తీర్మానించింది. గుత్తసంస్థలకు లొంగని మనిషి నిఘంటువు ముందు ఓడి, పెద్దగా నొచ్చుకోకుండా ఉత్తర్వును వెనక్కు తీసుకున్నాడు.

ఈ సంగతులన్నీ లోకానికి తెలియడం యాదృచ్ఛికం కాదు. కొత్త కార్యాలయంలో విలేకరులకు గది కేటాయించినవాడూ, మధ్యాహ్నం క్షురకుడు గడ్డం గీస్తుండగా వారిని పిలిచి కబుర్లు చెప్పినవాడూ రూజ్‌వెల్టే. తెలుగు ఇళ్లలోనూ పసిపిల్లల పక్కలో కనిపించే టెడ్డీ బేర్ బొమ్మ ఆ ప్రచారానికి పుట్టిన బిడ్డ. 1902 నవంబరులో మిసిసిపీ అడవుల్లో వేటగాడు హోల్ట్ కాలియర్ పట్టి చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చడం క్రీడాధర్మం కాదని అధ్యక్షుడు నిరాకరించాడు. దానిని క్లిఫర్డ్ బెరీమన్ వ్యంగ్యచిత్రంగా గీశాడు. బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడిపే మిక్టమ్ దంపతులు ఆ చిత్రం చూసి బొమ్మ కుట్టారు. గాయపడిన ఆ జంతువు బాధ తీర్చడానికి కత్తితో చంపమని ఆయనే చెప్పిన సంగతి చిత్రంలో లేదు, బొమ్మలోనూ లేదు. టెడ్డీ అని పిలిపించుకోవడం కూడా ఆయనకు ఇష్టం లేదు.

ఇలా నచ్చిన భాగాన్నే చూపడం ఎలుగుబంటితో ఆగలేదు. పదవిలోకి వచ్చిన మరుసటి నెలలోనే నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌ను కుటుంబ భోజనానికి పిలిచి దక్షిణ రాష్ట్రాల ఆగ్రహాన్ని భరించిన రూజ్‌వెల్ట్, 1906లో టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ పట్టణంలో జరిగిన కాల్పులకు ఎవరు బాధ్యులో తేలకుండానే 167 మంది నల్లజాతి సైనికులను విచారణ లేకుండా సైన్యం నుంచి వెళ్లగొట్టాడు. ఆ నిర్ణయం ఎన్నికలు ముగిశాకే వెల్లడైంది. తన దగ్గరకు రాగలిగినవారి పట్ల ఎంతో ఉదారుడైన ఆయనకు, ఆ ఇంటి గడప తొక్కే వీలులేని సైనికుల విషయంలో ఆ ఔదార్యం కలగలేదు. వారికి అమెరికా సైన్యం గౌరవాన్ని పునరుద్ధరించింది 1972లో.

పిల్లలకు ఆయన బొమ్మలు గీసి మరీ రాసిన ఉత్తరాలు ఆయన మరణించిన 1919లోనే పుస్తకంగా వెలువడ్డాయి. హక్కుల గడువు ఎన్నడో తీరిపోయినందున ఆ పుస్తకమూ, 1913 నాటి ఆత్మకథా అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు చదవగలిగిన పాఠకులు ముందు ఉత్తరాలు చదివి, ఆపైన బ్రౌన్స్‌విల్ చరిత్రను చదవడం మంచిది.