ధర్మాసుపత్రి కాదు... మనదే!

పొద్దున్నే విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండుకి వెళ్లి చూడండి. అవనిగడ్డ, గుడివాడ, కైకలూరు బస్సులు దిగేవాళ్లలో కొందరిని ఇట్టే పోల్చుకోవచ్చు. చేతిలో ఎక్స్‌రే కవరు, సంచిలో అన్నం క్యారియరు, పక్కన నీరసంగా అడుగులేస్తున్న మనిషి. వాళ్ల ముందున్నవి రెండే దారులు. ఒకటి, ప్రైవేటు ఆసుపత్రులు బారులు తీరిన సూర్యారావుపేట. రెండోది పెద్దాసుపత్రి. ఎటు వెళ్లాలో తేల్చేది జబ్బు కాదు, జేబు!

మన దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో 2013-14లో 64 రూపాయలు జనం సొంతంగా పెట్టుకున్నవే. 2021-22 నాటికి అది 39కి తగ్గింది. ప్రభుత్వాల వాటా 29 నుంచి 48కి పెరిగింది. ఇవి జాతీయ ఆరోగ్య ఖాతాల లెక్కలు. బాగానే ఉంది కదా అనుకుంటున్నారా? ఆ 39 రూపాయలే కౌలురైతు ఇంట అప్పుపత్రమవుతాయి, ఇల్లాలి మెళ్లో గొలుసును తాకట్టుకి పంపిస్తాయి.

2025కల్లా ప్రభుత్వ వైద్య వ్యయాన్ని జీడీపీలో రెండున్నర శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22లో అది 1.84 శాతం.

ఈ విషయంలో మన రాష్ట్రం దేశానికే దారి చూపిందన్నదీ నిజమే. 2005లో 108 అంబులెన్సు కూతపెట్టింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషనంటే పొలం అమ్మాల్సిందేనన్న భయం చాలా ఇళ్లలో తగ్గింది. కానీ ఆ పథకం చూపంతా ఎక్కువగా ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బుల మీదే. బీపీకీ, షుగరుకీ నెలనెలా మింగే మాత్రల సంగతి? ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ మందులూ ఉంటే ఆ బిళ్లలు అక్కడే దొరుకుతాయి. లేకపోతే మానేస్తారు. మానేసిన షుగరే రేపు కిడ్నీ దాకా వస్తుంది. అప్పుడయ్యే ఖర్చు ఎన్నోరెట్లు. అది ఇంటికైనా, ఖజానాకైనా!

థాయిలాండ్ ఈ కిటుకు ముందే పట్టుకుంది. 2002లో పౌరులందరికీ వైద్యాన్ని హక్కు చేసింది. రోగి మొదట వెళ్లాల్సింది తన దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికే. అప్పట్లో రోగి ఇవ్వాల్సింది ముప్ఫై బాత్‌లు. మిగతాదంతా పన్నుల డబ్బే.

మన పెద్దలు సర్కారు దవాఖానాని 'ధర్మాసుపత్రి' అనేవాళ్లు. ధర్మమంటే ఎవరో దయతలచి పెట్టేది. కానీ సబ్బుబిళ్ల కొన్నా మనం పన్ను కడుతున్నాం. అక్కడి మంచం, మందు, సూది అన్నీ ఆ డబ్బుతో వచ్చినవే. దానం పుచ్చుకునేవాడు అడగలేడు. డబ్బు కట్టినవాడు అడగొచ్చు... అడగాలి కూడా!