ముదిపిల్లికి క్రొత్త యిల్లు

ఖమ్మము నుండి భద్రాచలము దారిలోని యడవియంచు పల్లెలలో, ఎలుకలను బట్టజాలని ముసలిపిల్లిని “అడవిలో బ్రదుకునులే” యని విడుచుట తగునా? అడవిపిల్లి వేటకు బుట్టినది. పండ్లూడిన యింటిపిల్లి యచట నాకలిచే మడియును. అట్లు ఆకలిపాలుచేసి విడుచుట 1960వ సంవత్సరపు జంతుహింసా నిరోధక చట్టముచే నేరము.

కావున పొరుగున నొక యిల్లు వెదకుడు. హైదరాబాదులో 1992లో వెలసిన బ్లూక్రాస్ వంటి శరణాలయములు కలవుగాని, అచట పిల్లకూనల నడుగువారే యెక్కువ, ముదిపిల్లుల నడుగువారరుదు.

తెచ్చుకొన్నవారు దానిని కొన్నిదినము లొక్క గదిలోనే యుంచవలెను. పాత పడకగుడ్డను వెంట దెండు. తన వాసన గలచోటే పిల్లికి ఇల్లు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలరుగవు; ముండ్లు దీసి యుప్పులేక యుడికించిన చేప మేలు. అధికముగా నీరు ద్రావుచు చిక్కిపోవుచున్నచో పశువైద్యునికి జూపుడు.

పిల్లకూన యల్లరి చేయును, ముదిపిల్లి యొడిచేరును. వృద్ధులున్న యింట నంతకు మించిన తోడేది?