పావులా? పంట్లాములా?

చదరంగం ఆడే ఆటే గాని చూసే ఆట కాదని మన పెద్దలు అనుకునేవారు. అందులో బంతి లేదు, పరుగు లేదు, ఈల లేదు. ఇద్దరు మనుషులు బల్లకు చెరోవైపు కూర్చుని తలలు వంచుకుంటారు. ఒకరు అరగంట ఆలోచించి ఒక బంటును ఒక్క గడి ముందుకు జరుపుతారు. రెండోవారు లేచి పచార్లు చేస్తారు. అయినా 2024 నవంబరు 25 నుంచి డిసెంబరు 12 దాకా సింగపూరులో దొమ్మరాజు గుకేష్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ప్రపంచ కిరీటం కోసం తలపడినప్పుడు, ఇక్కడ అమెరికా తూర్పు తీరంలో తెల్లవారుజామున 4 గంటలకే కాఫీ కలుపుకుని కూర్చున్నవారు మనలో ఉన్నారు.

అంత పొద్దున్నే లేచి మనం చూసిందేమిటి? ఏనుగు ఏ గడిలో ఉంటే బలమో మనలో చాలామందికి తెలియదు. తెర పక్కన కంప్యూటరు గీత ఎటు జరిగితే మన గుండె అటు జారుతుంది. మిగతా సమయమంతా మనుషుల్నే చూస్తాం. అబ్బాయి నుదుట విభూతి, కోటు మీద కంపెనీల పేర్లు, కళ్ళు మూసుకుంటే అది ధ్యానమా కునుకా, ఇవే మన కబుర్లు. చివరిదైన 14వ ఆటలో, 55వ ఎత్తుకు డింగ్ ఏనుగుతో పొరపాటు చేశాడు. ఆ సంగతి చాలామందికి బల్ల మీద కంటే గుకేష్ ముఖంలోనే ముందు తెలిసింది. 18 ఏళ్ళ కుర్రవాడు 7½–6½ తేడాతో ప్రపంచ విజేత అయ్యాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే పావులన్నిటినీ తిరిగి మొదటి గడుల్లో సర్దాడు. ఆ మరుక్షణం నుంచే ఆయన తెలుగువాడా, చెన్నై వాడా అన్న వాదం మొదలైంది. తెలుగు కుటుంబంలో చెన్నైలో పుట్టిన బిడ్డ కాబట్టి రెండూ నిజమే.

ఆట తెలియకపోయినా ఆటగాళ్ళను చూసి ఆనందించడంలో తప్పులేదు. చాలామంది ఆ గుమ్మంలోంచే చదరంగంలోకి వస్తారు. అయితే గుమ్మంలోనే నిలబడిపోతే ఏమవుతుంది? ఆటగాళ్ళ వేషధారణ గురించిన కబుర్లు ఆటనే మింగేస్తే నష్టం ఎవరికి? ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

కనపడని ఆటగాళ్ళు

1972లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో బాబీ ఫిషర్, బోరిస్ స్పాస్కీ ఆడిన పోటీని అమెరికా అంతా వెర్రిగా అనుసరించింది. విచిత్రమేమిటంటే టీవీలో చూసినవారికి ఆ ఇద్దరూ ఆడుతూ కనపడనే లేదు. కెమెరాల చప్పుడు తనకు వినపడుతున్నదని ఫిషర్ గొడవ చేశాడు. రెండో ఆటకు రాకుండా దాన్ని వదులుకున్నాడు. మూడో ఆటను ప్రేక్షకులకు దూరంగా వెనక గదిలో ఆడించారు. న్యూయార్క్ పబ్లిక్ టెలివిజన్‌లో షెల్బీ లైమన్ అనే చదరంగం మాస్టరు గోడ బోర్డు ముందు నిలబడి, రేక్యావిక్ నుంచి ఒక్కో ఎత్తు కబురుగా అందగానే పావు జరిపి, తర్వాత ఏమి రావచ్చో చర్చించేవాడు. జనం గంటల తరబడి ఆ గోడనే చూశారు. ఎత్తుకోసం ఎదురుచూడటంలో ఉన్న రుచి వారికి తెలిసింది.

ఫిషర్‌కు బట్టల మీద ధ్యాస లేదనుకోకండి. బ్రూక్లిన్‌లో పెరిగిన ఆ కుర్రవాడు చిన్నప్పుడు స్వెట్టరు, కాన్వాసు బూట్లతోనే పోటీలకు వచ్చేవాడు. తర్వాత సూట్ల మోజు పట్టుకుంది. 1962 జనవరిలో హార్పర్స్ పత్రికలో అచ్చయిన సంభాషణలో తన దగ్గర 17 సూట్లున్నాయని, అన్నీ కొలతలిచ్చి కుట్టించుకున్నవేనని చెప్పుకున్నాడు. కాని 1972 పోటీ గురించి తలుచుకునే వారికి ఇవాళ గుర్తుండేది ఆరో ఆట. ఆ ఆటలో ఓడిపోయిన స్పాస్కీ, ప్రేక్షకులతోపాటు తానూ చప్పట్లు కొట్టాడు.

అద్దాలు, కాషాయాలు, చేతి గడియారం

వేషం కూడా ఆయుధం కాగలదని 1978లో ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో తేలింది. సోవియట్ దేశం విడిచి వచ్చిన కోర్చ్‌నోయ్, ఆ దేశపు ముద్దుబిడ్డ కార్పోవ్ ఆడిన పోటీ అది. కార్పోవ్ వర్గం తరఫున ఒక మనస్తత్వ నిపుణుడు ప్రేక్షకుల్లో కూర్చుని కోర్చ్‌నోయ్‌ను రెప్ప వాల్చకుండా చూసేవాడు. దానికి విరుగుడుగా కోర్చ్‌నోయ్ అద్దంలా మెరిసే కళ్ళజోడు పెట్టుకొచ్చాడు. ఆ వెలుగు కార్పోవ్ కళ్ళలో పడుతున్నదని అవతలివారు ఫిర్యాదు చేశారు. కోర్చ్‌నోయ్ వైపు నుంచి ఇద్దరు ఆనందమార్గ సభ్యులు కాషాయ వస్త్రాలతో హాల్లోకి వచ్చారు. దాని మీద మరో రగడ. కార్పోవ్‌కు ఆట మధ్యలో పెరుగు అందిస్తే, ఆ పెరుగు రంగు కూడా సంకేతమేమోనని ఫిర్యాదు వెళ్ళింది! మొత్తం 32 ఆటలు సాగి 6–5 తేడాతో కార్పోవ్ గెలిచాడు. చదరంగం తెలియనివారికి ఇప్పటికీ ఆ పెరుగు కథే తెలుసు. 2–5తో వెనకబడిన కోర్చ్‌నోయ్, 47 ఏళ్ళ వయసులో 5–5కు ఎలా లాక్కొచ్చాడో తెలిసినవారు తక్కువ.

చూసేవారికి ఆట గురించే చెప్పిన అలంకారం కూడా ఒకటుంది. కాస్పరోవ్ ఆటకు కూర్చోగానే చేతి గడియారం తీసి బల్లమీద పెట్టేవాడు. ఇక ఆట తన చేతికి చిక్కిందనుకున్నప్పుడు దాన్ని మళ్ళీ తొడుక్కునేవాడు. 1995లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 107వ అంతస్తులో మన విశ్వనాథన్ ఆనంద్ ఆయన ఎదుట కూర్చున్నాడు. మొదటి 8 ఆటలూ డ్రా. 9వది ఆనంద్ గెలిచాడు. 10వది కాస్పరోవ్ గెలిచి, చివరికి 10½–7½తో కిరీటం నిలబెట్టుకున్నాడు. ఆ చేతి గడియారం మీద చూపు పెడితే నష్టం లేదు. అది మన దృష్టిని తిరిగి బల్ల మీదికే తీసుకువెళుతుంది.

వాల్‌స్ట్రీట్ జీన్స్

ఇక అందరూ విన్న కథ. 2024 డిసెంబరు చివరి వారంలో న్యూయార్క్ వాల్‌స్ట్రీట్‌లో ప్రపంచ రాపిడ్, బ్లిట్జ్ పోటీలు జరిగాయి. రాపిడ్ అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. 27వ తేదీన నార్వే ఆటగాడు మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్ ప్యాంటుతో వచ్చాడు. జీన్స్ కూడదని నియమావళిలో ముందే ఉంది. నిర్వాహకులు 200 డాలర్ల జరిమానా వేసి, మార్చుకు రమ్మన్నారు. రేపు మార్చుకుంటాను, ఇవాళ మార్చుకోనని ఆయన అన్నాడు. 9వ ఆటలో ఆయనకు జోడీ వెయ్యలేదు. దాంతో ఆయన పోటీనే వదిలేశాడు. అదే రోజు బూట్ల విషయంలో జరిమానా పడ్డ రష్యా ఆటగాడు నెపోమ్నియాషి మాత్రం మార్చుకుని వచ్చి ఆడాడు.

ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అనుకున్నా, రెండు పక్షాల్లోనూ న్యాయముంది. నియమం అందరికీ ఒకటే కావాలి, ఎంతటి ఆటగాడైనా సరే. అయితే కోటు, మంచి బూట్లు వేసుకున్న మనిషి జీన్స్ తొడుక్కుంటే ఆట గౌరవం మంటగలుస్తుందా అన్నదీ అడగవలసిన ప్రశ్నే. పైగా ఈ కార్ల్‌సనే 2010లో జీన్స్‌కు పేరుపడ్డ జీ-స్టార్ కంపెనీ ప్రకటనల్లో కనిపించాడు! రెండురోజుల్లో అంతర్జాతీయ సమాఖ్య ఫిడే కాస్త మెత్తబడింది. ఆయన తిరిగివచ్చి జీన్స్‌తోనే బ్లిట్జ్ ఆడాడు. ఫైనల్లో ఎవరూ తేలకపోవడంతో నెపోమ్నియాషితో కలిసి బిరుదు పంచుకున్నాడు. అదొక కొత్త వివాదం. ఆ ప్యాంటు 2025 మార్చిలో వేలంలో 36,100 డాలర్లు పలికింది. ఆ సొమ్ము పిల్లల సేవాసంస్థకు వెళ్ళింది.

అదే పోటీలో మన హంపి

ఇప్పుడు అసలు సంగతి. జీన్స్ గొడవ జరిగిన మర్నాడు, డిసెంబరు 28న, అదే పోటీల్లో కోనేరు హంపి మహిళల ప్రపంచ రాపిడ్ విజేత అయింది. గుడివాడలో పుట్టి, విజయవాడలో పెరిగిన హంపి. 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన హంపి. 37 ఏళ్ళ వయసులో, ఏడేళ్ళ కూతురి తల్లిగా, మొదటి ఆటలోనే ఓడిపోయి కూడా 11 ఆటల్లో 8½ పాయింట్లు సాధించింది. చివరి ఆటలో నల్లపావులతో ఇండొనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించింది. 2019లో మాస్కోలో ఇదే బిరుదు గెలిచింది గనుక ఇది రెండోసారి.

ఆ వారంలో ఆఫీసుల్లో మన అమెరికన్ మిత్రులు చదరంగం గురించి మాట్లాడారంటే అది జీన్స్ గురించే. మన తెలుగువాళ్ళం కూడా ఆ ముచ్చటలోనే మునిగాం. ఒక తెలుగు ఆడపడుచు ప్రపంచ కిరీటం ఒక పంట్లాము కింద మరుగునపడింది. ఎవరూ కుట్ర చెయ్యలేదు. ప్యాంటు గురించి మాట్లాడటం తేలిక, 8½ పాయింట్లు ఎలా వచ్చాయో తెలుసుకోవడం కష్టం. అంతే.

ఆడవారి దుస్తులు

కార్ల్‌సన్‌కు బట్టలు ఒక పంతం. ఆడపిల్లలకు అవి చాలాసార్లు ఒక షరతు. 2017లో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ టెహరానులో జరిగింది. అక్కడి చట్టం ప్రకారం క్రీడాకారిణులందరూ తలకు గుడ్డ కట్టుకుని ఆడాలి. అమెరికా ఛాంపియన్ నాజీ పైకిడ్జ్ అలాగైతే రానంది. మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక వెళ్ళి, తలపై గుడ్డతోనే ఆడి, సెమీఫైనల్ దాకా చేరి కాంస్యం తెచ్చింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అది ఆమెకు మూడో కాంస్యం. అదే ఏడాది చివర రియాద్‌లో రాపిడ్, బ్లిట్జ్ పోటీలు పెట్టినప్పుడు, ఆ రెండు బిరుదులూ తన దగ్గరే ఉన్న ఉక్రెయిన్ క్రీడాకారిణి అన్నా ముజిచుక్ వెళ్ళనని చెప్పి రెండిటినీ వదులుకుంది. 2022 డిసెంబరులో అల్మాటీలో ఇరాన్ క్రీడాకారిణి సారా ఖాదెం తలగుడ్డ లేకుండా ఆడి, తర్వాత స్వదేశం వెళ్ళలేక స్పెయిన్‌లో స్థిరపడింది. వెళ్ళి ఆడినవారిని గాని, వెళ్ళనివారిని గాని తప్పుపట్టడానికి మనమెవరం? ఒక్కొక్కరు చెల్లించిన మూల్యం ఒక్కొక్కటి.

చట్టం లేనిచోట ప్రేక్షకులే చట్టమవుతారు. 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ పోటీ ముగిశాక, నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ బాధపడుతూ ఒక మాట రాసింది. తాను కష్టపడి మంచి ఆటలు ఆడినా, చూసేవారు వాటిని వదిలేసి తన బట్టలు, జుట్టు, మాట తీరు గురించి వ్యాఖ్యానిస్తున్నారని, మగవారికి ఈ బెడద అంతగా లేదని దాని సారాంశం. అప్పుడామెకు 18 ఏళ్ళు. ఏడాదిన్నర తర్వాత, 2025 జులైలో, జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో ఆమె ఎదుట కూర్చున్నది మన హంపి. మామూలు ఆటలు రెండూ డ్రా కాగా, 28న టైబ్రేకులో దివ్య గెలిచింది. 38 ఏళ్ళ ఆమె, 19 ఏళ్ళ ఈమె. మనవాళ్ళు ఓడినందుకు బాధపడ్డా, అంత మంచి పోరు చూసినందుకు సంతోషించాలి.

మన ఇళ్ళలో

ఈ సంగతులు మనకెందుకంటే, మన పిల్లలు కూడా శనివారాలు స్కూలు హాళ్ళలో చదరంగం పోటీలు ఆడుతున్నారు. తల్లిదండ్రులం బయట వరండాలో కూర్చుంటాం. అబ్బాయి బయటికి రాగానే "గెలిచావా?" అంటాం. అమ్మాయి వస్తే, "ఆ జుట్టేమిటే, అలా రేగిపోయింది?" అన్నది ముందు వస్తుంది. ప్రేమతోనే అంటాం. కాని రెండు గంటలు బుర్ర చించుకుని వచ్చిన పిల్లకు అదెలా వినపడుతుందో ఆలోచించండి.

దానికి మందు చిన్నదే. పోటీ చూసేటప్పుడు కోట్లూ, బొట్లూ చూడండి, సరదాగా మాట్లాడుకోండి. ఆ తర్వాత పిల్లల్ని పిలిచి, "ఇప్పుడు ఈ ఎత్తు ఎందుకు వేశారు?" అని అడగండి. వాళ్ళు మనకంటే బాగా చెబుతారు. వచ్చే పండగ కలయికలో పాటలూ, పులిహోరా అయ్యాక ఒక మూల బోర్డు పెట్టి, హంపి సుకందర్‌ను ఓడించిన ఆటను మన పిల్లలచేత ఒక్కో ఎత్తుగా చూపిద్దాం. పూర్వం లైమన్ గోడ ముందు చేసిన పనే అది. దానికి కెమెరాలు అక్కర్లేదు, సూట్లు అక్కర్లేదు. జీన్స్ వేసుకుని వచ్చినా ఎవరూ జరిమానా వెయ్యరు!